మూలగదిలోని కంప్యూటర్ ఎవరింటికి చేరాలి?

ఏటా వేసవిలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షలమంది పిల్లలు ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష రాస్తారు. ఒకప్పుడు ఎంసెట్ అనేవాళ్లం, ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నాం. 160 ప్రశ్నలు, మూడు గంటలు. ప్రశ్నపత్రం చేతికి రాదు, ఓఎంఆర్ షీటు ఉండదు. తెర మీద ప్రశ్న కనిపిస్తుంది, మౌసు పట్టుకుని జవాబు ఎంచుకోవాలి. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పరీక్ష కూడా 2019 నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదే జరుగుతోంది. ఒకే హాల్లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. ఒకరింట్లో చిన్నప్పటినుంచీ కంప్యూటర్ ఉంది. రెండోవాడు కాలేజీ వాళ్లు పెట్టిన ఒకటి రెండు మాక్ టెస్టుల్లో తప్ప మౌసు ముట్టుకుని ఎరగడు. లెక్కలు ఇద్దరికీ సమానంగానే వచ్చు. అయినా రెండోవాడికి చెయ్యి తడబడుతుంది, కన్ను గడియారం మీదికి పోతుంది. ర్యాంకు చూసినవాళ్లకు ఆ తడబాటు కనబడదు. పిల్లవాడు వెనకబడ్డాడనే అనుకుంటాం.

కంప్యూటర్ లేని ఇలాంటి ఇళ్లు ఎన్ని? కేంద్ర ప్రభుత్వ జాతీయ నమూనా సర్వే 2017-18లో విద్య గురించి ఇంటింటి లెక్క తీసింది. దేశంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి సుమారు 11. పట్టణాల్లో 23. పల్లెల్లో 5 కూడా లేవు, సరిగ్గా చెప్పాలంటే 4.4 శాతం. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, ట్యాబ్ అన్నీ కలిపి చెప్పిన లెక్క ఇది. ఐదేళ్లు దాటినవాళ్లలో కంప్యూటర్ వాడటం వచ్చినవాళ్లు పల్లెల్లో పదిమందికి ఒకరు మాత్రమే తేలారు. ఆ తర్వాత రెండేళ్లకే కరోనా వచ్చింది, బడులు మూతపడ్డాయి, పాఠాలు తెరల మీదికి ఎక్కాయి. తెర లేని ఇంట్లో పాఠం ఆగిపోయింది. ఆ రోజుల్లో ఒక్క ఫోను కోసం అన్నాచెల్లెళ్లు వంతులు వేసుకోవడం మనలో చాలామంది కళ్లారా చూశాం.

అప్పటినుంచి ఫోన్లు బాగా పెరిగాయి. "ఇంకా కంప్యూటర్ ఎందుకండీ, అన్నీ ఫోన్‌లోనే అయిపోతున్నాయి కదా" అని అడిగేవాళ్లున్నారు. సినిమా చూడటానికి, డబ్బు పంపడానికి, వీడియో కాల్ మాట్లాడటానికి ఫోను చాలు. రాయడానికి, లెక్కలు వేయడానికి, ప్రోగ్రాము కట్టడానికి చాలదు. 

నేనెరిగిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో ఒక బస్తీ. ఒక గది, దాని వెనక చిన్న వంటిల్లు. తల్లి నాలుగిళ్లలో పనిచేస్తుంది, తండ్రి సెంట్రింగ్ పనికి పోతాడు. అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది, కంప్యూటర్ సైన్సే. ప్రభుత్వం ఫీజు కడుతుంది కానీ ల్యాప్‌టాప్ ఇవ్వదు. కాలేజీ ల్యాబులో ఒక్కో సిస్టమ్ దగ్గర ఇద్దరు కూర్చుంటారు, సాయంత్రం బస్సులు కదిలే వేళకు ల్యాబుకు తాళం పడుతుంది. ఇంటికొచ్చి ఆ పిల్ల సీ లాంగ్వేజ్ ప్రోగ్రాములు ఫోన్‌లో టైపు చేస్తుంది. ఫోన్ కీబోర్డు పైకి లేచిందంటే సగం తెర పోయింది. సెమీకోలన్ కావాలంటే గుర్తుల పేజీకి వెళ్లాలి. మీసాల బ్రాకెట్ కావాలంటే ఇంకో పేజీకి వెళ్లాలి. ప్రోగ్రాములో ప్రతి రెండు మూడు పంక్తులకూ ఇవి కావాలి. ఇరవై పంక్తులు దాటేసరికి పైన ఏం రాసిందో కనబడదు, ఎక్కడో ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతుంది. తప్పెక్కడుందో వేలితో పైకీ కిందకీ జరుపుతూ వెతుక్కోవాలి. అదే పని కంప్యూటర్ మీద అయితే తప్పున్న పంక్తి ఎదురుగా ఎర్రగా కనిపిస్తుంది. ఆ అమ్మాయికి తెలివి తక్కువేం కాదు. ముందు నోట్‌బుక్కులో పెన్సిలుతో ప్రోగ్రాము మొత్తం రాసుకుని, చేతివేళ్లతో అడుగులు లెక్కపెట్టుకుని సరిచూసుకుని, ఆ తర్వాతే ఫోన్‌లో ఎక్కిస్తుంది. ఇంత ఓపిక ఉన్న పిల్ల చేతికి ఒక పాత ల్యాప్‌టాప్ అందితే ఎంత దూరం పోతుందో నాకైతే అనుమానం లేదు.

ఆ బస్తీ నుంచి హైటెక్ సిటీ పెద్ద దూరమేమీ కాదు. అక్కడ సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైంది 1998లో. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల కొత్త కంపెనీలు వస్తూనే ఉన్నాయి, కొత్త యంత్రాలు దిగుతూనే ఉన్నాయి. ఆఫీసుల్లో కంప్యూటర్ ఆయుష్షు తక్కువ. మూడేళ్లు, నాలుగేళ్లు, మహా అయితే ఐదేళ్లు. వారంటీ అయిపోతే మార్చేస్తారు. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్ మీద ఏటా 40 శాతం తరుగుదల చూపిస్తారు. లక్ష రూపాయలకు కొన్న యంత్రం ఐదేళ్లు తిరిగేసరికి పుస్తకాల్లో ఎనిమిది వేలకు లోపే. పుస్తకంలో విలువ పోయినంత మాత్రాన యంత్రంలో సత్తువ పోదు. ఆఫీసు అవసరానికి కొన్న ల్యాప్‌టాప్ సాధారణంగా గట్టిది, విడిభాగాలు దొరికేది, విప్పి బాగుచేయడానికి వీలైనది. కొట్లో దొరికే చౌకరకం కొత్త ల్యాప్‌టాప్ కన్నా ఐదేళ్ల నాటి ఆఫీసు ల్యాప్‌టాప్ చాలా విషయాల్లో మెరుగు.

దీనికి తోడు 2025లో ఇంకో మలుపు వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కి మారదామంటే, కంపెనీ పెట్టిన షరతులకు పాత యంత్రాలు సరిపోవు. మీ ల్యాప్‌టాప్ ఏ తరానిదో తెలుసుకోవడం తేలిక. ప్రాసెసర్ పేరు ఐ5-7200 అని ఉంటే, గీత తర్వాత వచ్చే 7 అంటే ఏడో తరం. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. ఏడో తరం యంత్రం చక్కగా పనిచేస్తున్నా ఆఫీసు దాన్ని పక్కన పెట్టక తప్పదు, భద్రతా సవరణలు రాని యంత్రాన్ని తమ నెట్‌వర్కులో ఉంచుకోలేరు కాబట్టి. అలా పక్కన పెట్టిన యంత్రాలు ఇప్పుడు చాలా కార్యాలయాల్లో మూలగదుల్లో దొంతరలుగా పడున్నాయి.

మరి అవి కదలవెందుకు? నాకు కనిపించిన ప్రధాన కారణం భయం. హార్డ్ డిస్కులో కంపెనీ సమాచారం ఉంటుంది, ఖాతాదారుల వివరాలు ఉంటాయి. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. సమాచారానికి తగిన కాపుదల పెట్టని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అంత మాట చట్టంలో ఉన్నాక, పాత యంత్రం బయటికి పంపే కాగితం మీద సంతకం పెట్టడానికి ఏ అధికారి చెయ్యి ముందుకు వస్తుంది? ఆ భయం న్యాయమైనదే. డిస్కు తుడవకుండా కంప్యూటర్ దానం చేయడమంటే, కాగితాలూ నగలూ లోపలే వదిలేసి బీరువా ఇచ్చేసినట్టే. ఫైళ్లు డిలీట్ చేసినా, రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా, పైపైన ఫార్మాట్ చేసినా సమాచారం పోదు, తెలిసినవాడు తిరిగి బయటికి లాగగలడు.

దీనికి విరుగుడు ఉంది. డిస్కు మొత్తం మీద కొత్త అంకెలు రాసి పాతది చెరిపేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కొత్తరకం డిస్కులైన ఎస్ఎస్‌డీలకైతే తయారీదారు ఇచ్చిన చెరిపివేత ఆదేశమే వాడాలి, పాత పద్ధతి వాటికి సరిపోదు. ఆ పని అయినట్టు ఒక్కో డిస్కు సీరియల్ నంబరుతో ధ్రువపత్రం తీసుకోవచ్చు. అప్పటికీ మనసు ఒప్పకపోతే ఇంకా తేలిక మార్గం ఉంది. డిస్కు ఊడదీసి మీ కళ్లముందే నుజ్జు చేయించండి, మిగతా యంత్రం ఇవ్వండి. కంప్యూటర్‌లో మీ రహస్యం దాగేది ప్రధానంగా ఆ ఒక్క భాగంలోనే. మదర్‌బోర్డు, తెర, కీబోర్డు, ర్యామ్, ఇవి ఎవరికీ మీ సంగతి చెప్పవు. కొత్త యంత్రం ధరలో చిన్న వాటా పెట్టి వేరే ఎస్ఎస్‌డీ బిగించుకోవచ్చు. ఒక్క డిస్కు గురించి భయపడి యంత్రమంతా తుక్కు చేయడం నాకు ఎంతమాత్రం నచ్చని పని.

తుక్కు అన్నాను కాబట్టి దాని సంగతీ రెండు ముక్కలు. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ తుక్కు 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక లెక్కగట్టింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క తేలింది 22 శాతం చిల్లర మాత్రమే. ఇలాంటి తుక్కు ఎక్కువగా పుట్టే దేశాల్లో చైనా, అమెరికాల తర్వాత మనమే. మన దగ్గర అందులో చాలాభాగం పాత సామాన్ల గొలుసులోకి పోతుంది. రాగి కోసం తీగలు కాలుస్తారు, బంగారం కోసం బోర్డుల్ని యాసిడ్‌లో ముంచుతారు. ఆ పొగ పీల్చేదీ, ఆ యాసిడ్‌లో చెయ్యి పెట్టేదీ మళ్లీ పేదవాళ్లే. మనం పారేసిన కంప్యూటర్ పేదవాడి ఇంటికి చదువుగా చేరడానికీ విషంగా చేరడానికీ మధ్య ఉన్న తేడా, ఆఫీసులో ఒకరు తీసుకునే నిర్ణయం.

చట్టం కూడా అడ్డేమీ కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు మరమ్మతు చేసి తిరిగి వాడుకలోకి తెచ్చేవాళ్లను ప్రత్యేకంగా గుర్తించాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో వాళ్లు నమోదు చేసుకోవాలి. పెద్ద సంస్థలు తమ ఈ-వ్యర్థాలను నమోదైన తయారీదారుకో, మరమ్మతుదారుకో, రీసైక్లింగ్ సంస్థకో మాత్రమే అప్పగించాలి. అంటే బాగుచేసి ఇచ్చే దారిని నిబంధనలే చూపించాయి.

ఇక బాగుచేయడం అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. కంప్యూటర్ విడిభాగాలకు, మరమ్మతులకు నగరమంతా అక్కడికే పోతుంది. ఆ చుట్టుపక్కల కొట్లలో చేయి తిరిగిన కుర్రాళ్లు పనిచేస్తుంటే చూడాలి. ముందుగా వెనక మూత విప్పుతారు, బ్లోయర్ పెట్టి దుమ్ము ఊదుతారు. ఫ్యాను రెక్కల మధ్య కంబళిలా పేరుకున్న దుమ్ము బయటికి వస్తుంది. "మెషిన్ స్లో అయిపోయింది సార్" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి అక్కడే మందు దొరుకుతుంది, వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది మరి. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాస్తారు. ర్యామ్ ఊడదీసి, కాంటాక్టులు తుడిచి, మళ్లీ బిగించి పరీక్ష పెడతారు. బ్యాటరీ ఉబ్బిందా అని వేలితో తడిమి చూస్తారు. ఉబ్బిన బ్యాటరీని ఏ ఇంటికీ పంపకూడదు, అది నిప్పుతో సమానం. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెడితే, ఐదు నిమిషాలకు తెరుచుకునే యంత్రం అర నిమిషంలో తెరుచుకుంటుంది.

ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామందికి తెలియదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. కరెంటు లేనప్పుడు కంప్యూటర్‌కు తేదీ, టైము గుర్తుండేది దానివల్లే. అది చచ్చిపోతే స్విచ్చు వేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఏ పదేళ్ల కిందటి తేదీకో వెళ్లిపోతుంది. తేదీ తప్పయితే బ్యాంకు సైటు తెరుచుకోదు, స్కాలర్‌షిప్ సైటు తెరుచుకోదు, "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని హెచ్చరిక వస్తుంది. ఆ ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? పాత కంప్యూటర్ కదా, పాడైపోయింది అనుకుని మంచం కిందికి తోసేస్తారు. మూడంకెల ఖర్చు కూడా లేని ఒక బిళ్ల మార్చకపోవడం వల్ల ఆ దానమంతా వృథా. కంప్యూటర్ ఇచ్చేవాళ్లు ఆ బిళ్ల మార్చారా లేదా అన్నది నేను ముందుగా అడిగే ప్రశ్న. అది మార్చినవాళ్లు మిగతావన్నీ కూడా చూసే ఉంటారు.

విండోస్ 11 ఎక్కని యంత్రంలో ఏం వేయాలి? లినక్స్ వేయవచ్చు. ఇది కొత్త ప్రయోగమేం కాదు. కేరళలో 2001లో ఐటీ@స్కూల్ అనే పథకం మొదలైంది, ఆ రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే నిలబెట్టింది. ఇప్పుడు కైట్ అనే సంస్థ దాన్ని నడిపిస్తోంది. అక్కడి పిల్లలు లినక్స్ మీదే చదువుకుని పరీక్షలు రాస్తున్నారు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చే పనిని భుజాన వేసుకుంది. లిబ్రే ఆఫీస్‌లో తెలుగులో ఉత్తరం రాసుకోవచ్చు, లెక్కల పట్టిక వేసుకోవచ్చు. ఇంజినీరింగ్ చదివే పిల్లలకైతే లినక్స్ లాభమే, రేపు ఉద్యోగంలో సర్వర్ల మీద కనబడేది చాలాచోట్ల అదే. ఎక్సెల్‌తోనే పనిపడే కామర్స్ పిల్లవాడికి మాత్రం, వీలైతే ఎనిమిదో తరం దాటిన యంత్రం, లైసెన్సు ఉన్న విండోస్ ఇవ్వాలని నా అభిప్రాయం. దొంగ కాపీ ఎక్కించి ఇవ్వడం ఎవరికీ మంచిది కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఉన్న యంత్రాలు కొన్ని, అడిగే ఇళ్లు అనేకం. ముందు ఎవరికివ్వాలి? ఇక్కడ మనసు చెప్పేది ఒకటి, అనుభవం చెప్పేది ఇంకొకటి. చిన్నపిల్లల చేతిలో కంప్యూటర్ పెట్టి ఫొటో తీస్తే ముచ్చటగా ఉంటుంది. కానీ అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన రెండు అధ్యయనాలు శ్రద్ధగా వినాల్సినవి. ఆ రెండింటిలోనూ వాడింది బాగుచేసిన పాత కంప్యూటర్లే, చికో అనే ఊళ్లోని కంప్యూటర్స్ ఫర్ క్లాస్‌రూమ్స్ అనే సంస్థ సమకూర్చినవి. మొదటిది పదిహేను బడుల్లో, ఇంట్లో కంప్యూటర్ లేని 1,123 మంది పిల్లల మీద జరిగింది. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలు. చీటీ తీసినట్టు సగం మందికి కంప్యూటర్లు ఇచ్చారు, మిగతావాళ్లకు అధ్యయనం ముగిశాక ఇచ్చారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. మార్కుల్లో తేడా రాలేదు, హాజరులో తేడా రాలేదు. చెడిపోయిందీ లేదు, బాగుపడిందీ లేదు.

రెండోది బ్యూట్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీలో జరిగింది. ప్రభుత్వ ఆర్థిక సాయంతో చదువుకునే 286 మంది పేద విద్యార్థులు, మన ఫీజు రీయింబర్స్‌మెంట్ పిల్లల్లాంటివాళ్లు. అక్కడా కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూశారు. కంప్యూటర్ అందిన విద్యార్థులు చదువులో కొంత మెరుగయ్యారు. పెద్ద అద్భుతం కాదు, కానీ తేడా కనబడింది.

పెరూ అనుభవం కూడా మొదటి అధ్యయనం మాటే చెబుతుంది. పిల్లకో ల్యాప్‌టాప్ అనే ఉద్యమంలో ఆ దేశం లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాప్‌లు కొని పల్లెబడులకు పంచింది. 2012లో వచ్చిన అధ్యయనం లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరగలేదని తేల్చింది. యంత్రాలు వచ్చాయి, పాఠం చెప్పే తీరు మారలేదు.

వీటిని విన్నాక నేను చేరుకున్న నిర్ణయం ఇది. ఎవరికి కంప్యూటర్ లేకపోతే రేపటి పని ఆగిపోతుందో వాళ్లకు ముందు ఇవ్వాలి. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్, డిగ్రీ చదివే పేదింటి పిల్లలు వరసలో ముందుండాలి. తర్వాత ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు, కంప్యూటర్ మీద పరీక్ష రాయబోయేవాళ్లు. ఆ తర్వాత ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నవాళ్లు, డ్వాక్రా సంఘాల లెక్కలు రాసే మహిళలు, సొంతంగా చిన్న వ్యాపారం నడుపుకునేవాళ్లు. ఐదో తరగతి పిల్లవాడికి మంచి టీచరూ మంచి పుస్తకమూ ముందు అందనివ్వండి. ఇంట్లో అక్క కోసం వచ్చిన కంప్యూటర్‌ను వాడు ఎలాగూ వదలడు.

ఇచ్చేటప్పుడు తోడుగా మనిషి కూడా ఉండాలి. మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు పల్లెబడుల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లల్ని తీసుకుని, వాళ్ల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదివించే పద్ధతి పెట్టారు. అక్కడ పిల్లవాడికి యంత్రంతో పాటు పక్కన స్నేహితుడూ, అడిగితే చెప్పే అధ్యాపకుడూ ఉన్నారు. బస్తీలో ఒంటరిగా ఒక గదిలో ఉన్న ల్యాప్‌టాప్‌కు ఆ అండ ఉండదు. దాన్ని మనం కల్పించాలి. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరంలో ఫ్రీ గీక్ అనే సంస్థ 2000లో మొదలైంది. అక్కడ కొన్ని గంటలు వచ్చి పాత కంప్యూటర్లు విప్పడంలో, బిగించడంలో చేయి కలిపినవాళ్లు చివరికి ఒక కంప్యూటర్ ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. తన చేత్తో ర్యామ్ బిగించిన పిల్ల, రేపు యంత్రం మొరాయిస్తే భయపడదు. ఊరికే వచ్చిందన్న చిన్నతనం కూడా ఉండదు. మన పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. పాత యంత్రాలు అక్కడికి చేరితే విద్యార్థులకు మరమ్మతు విద్య వస్తుంది, బాగైన యంత్రాలు వాళ్లలోనే లేనివాళ్ల ఇళ్లకు వెళ్తాయి.

ఇంటి పరిస్థితి చూసి యంత్రం ఎంచాలి. ఒక్క గది ఇంట్లో డెస్క్‌టాప్ పెట్టే చోటుండదు. పెట్టినా, రాస్తుండగా కరెంటు పోతే రాసిందంతా పోతుంది. అలాంటి ఇంటికి ల్యాప్‌టాపే మేలు, బ్యాటరీ కనీసం గంట నిలిచేది. డెస్క్‌టాప్‌లు గ్రంథాలయాలకు, హాస్టళ్లకు, కమ్యూనిటీ హాళ్లకు ఇవ్వండి, యూపీఎస్‌తో కలిపి. ఇంటర్నెట్ సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. విడిగా కనెక్షన్ పెట్టుకునే స్తోమత లేని ఇంట్లో ఫోన్ నుంచి కేబుల్‌తో కంప్యూటర్‌కు నెట్ ఇచ్చుకోవడం నేర్పాలి. ఐఐటీ అధ్యాపకులు చెప్పిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, తెలుగు వికీపీడియా మొత్తం ప్రతి, ముందే డిస్కులోకి ఎక్కించి ఇస్తే నెట్ లేని రోజు కూడా చదువు ఆగదు. 

ఇంకో మాట. కాగితం మీద ఒక ఫోన్ నంబరు రాసి యంత్రానికి అంటించాలి. చెడిపోతే ఎవరికి చెప్పాలో తెలియాలి. ఏడాది పాటు ఆ ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి. పంపిణీ సభకు శాలువాలు, ఫ్లెక్సీలు కొనే డబ్బులో సగం ఈ మనిషికి జీతంగా ఇస్తే వంద ఇళ్లలో కంప్యూటర్లు నిలబడతాయి. ఇచ్చిన యంత్రాలు ఎన్ని అని కాకుండా, ఆరు నెలల తర్వాత నడుస్తున్నవి ఎన్ని అని లెక్క చెప్పే సంస్థనే నేను నమ్ముతాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాల్సిన సంస్థలు మన నగరాల్లో చాలా ఉన్నాయి. చదువుకు తోడ్పడే పనులు అందులోకి వస్తాయి. కొత్త డిస్కులకు, బ్యాటరీలకు, ఆ ఒక్క మనిషి జీతానికి అందులోంచి తీయగలిగితే, మూలగదిలోని యంత్రాలు వాటంతటవే కదులుతాయి.

చివరిగా మీకు రెండు విన్నపాలు. ఆఫీసుల్లో పరిపాలన విభాగాలు, ఐటీ విభాగాలు చూస్తున్న శ్రోతలు రేపు ఉదయం డ్యూటీకి వెళ్లాక ఒకసారి మూలగది తలుపు తీయించండి. ఎన్ని యంత్రాలున్నాయో, ఏ తరానివో జాబితా రాయించండి. డిస్కులు తుడిపిస్తారో నుజ్జు చేయిస్తారో మీ ఇష్టం, మిగతా యంత్రాలను మాత్రం తుక్కు వేలానికి పెట్టకండి. నమోదైన మరమ్మతుదారు ద్వారా దగ్గర్లోని పాలిటెక్నిక్‌కో, ప్రభుత్వ డిగ్రీ కాలేజీకో చేర్చే ఏర్పాటు చేయండి. ఇళ్లలో పాత ల్యాప్‌టాప్ అటకెక్కించినవాళ్లు దాన్ని ఇంకో రెండేళ్లు అక్కడే ఉంచకండి. వాడకుండా పెట్టిన బ్యాటరీ ఉబ్బవచ్చు, యంత్రం ఎందుకూ పనికిరాకుండా పోవచ్చు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురో, మీ ఇంట్లో పనిచేసే అమ్మ కొడుకో ఏం చదువుతున్నారో ఈ వారమే అడిగి తెలుసుకోండి. ఛార్జరు మరిచిపోకుండా, ఆ బిళ్ల బ్యాటరీ మార్పించి, ల్యాప్‌టాప్ ఇవ్వండి. మీ ఫోన్ నంబరు కూడా ఇవ్వండి.